ఫుట్‌బాల్ తెలియని అమ్మగారికి ‘80 ఫర్ బ్రేడీ’ చూపించవచ్చా?

ఏలూరు నుంచి మీ అమ్మగారు మసాచుసెట్స్‌లోని మీ ఇంటికి వచ్చి ఉన్నారనీ, ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్ ముందు కూర్చుంటే ఆవిడ మాత్రం తన గదిలోకి వెళ్లిపోతున్నారనీ రాశారు. ఆవిడ ఈడు స్త్రీలే కథానాయికలుగా వచ్చిన ‘80 ఫర్ బ్రేడీ’ చూపిస్తే ఈ ఆట మీద కాస్తయినా ఆసక్తి కలుగుతుందా, లేక ఆటా యాసా రెండూ అందక విసుగు చెందుతారా అన్నది మీ ప్రశ్న.

తప్పకుండా చూపించండి. అయితే సినిమాకు ముందు ఒక పావుగంట ఆట గురించి తెలుగులో చెప్పండి, సినిమా అయిన తరువాత, అందులో కనిపించే అసలు మ్యాచ్ రెండవ సగాన్ని కూడా చూపించండి. సినిమా ఒక్కటే చూస్తే ఆవిడకు ఆ నలుగురు స్నేహితురాళ్లు నచ్చుతారు, కానీ ఆట పరాయిదిగానే మిగిలిపోతుంది. ఆ స్నేహితురాళ్ల మీద కలిగిన ఇష్టం ఆవిడలో ఇంకా తాజాగా ఉండగానే నిజమైన మ్యాచ్‌ను చూపిస్తే, ఆట కూడా ఆవిడది అవుతుంది.

నేను బోస్టన్ శివార్లలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. పిల్లల దగ్గరకు వచ్చి ఆరు నెలలు ఉండి వెళ్లే తెలుగు తల్లిదండ్రులను వారాంతాల్లో ఒకచోట చేర్చి, ఇక్కడి సినిమాలు చూపిస్తూ, అవసరమైన చోట ఆపి వివరించడం నాకు అలవాటు. వారిలో చాలామంది యాష్‌లాండ్ లక్ష్మీ ఆలయంలో పరిచయమైనవారే. ఈ సినిమాను ఆ బృందాలతో పలుమార్లు చూశాను కనుక, మన పెద్దవాళ్లు ఎక్కడ ముందుకు వంగి కూర్చుంటారో, ఎక్కడ పక్కవారిని అడుగుతారో నాకు బాగానే తెలుసు.

ముందుగా సినిమా సంగతి. ఇది 2023 ఫిబ్రవరి 3న విడుదలైన పారమౌంట్ వారి హాస్యచిత్రం. దర్శకుడు కైల్ మార్విన్, నిడివి గంటన్నర పైన కొద్ది నిమిషాలు. లిలీ టామ్లిన్, జేన్ ఫోండా, రీటా మొరేనో, శాలీ ఫీల్డ్ నలుగురు స్నేహితురాళ్లుగా నటించారు. రీటా మొరేనో పుట్టింది 1931లో, అంటే సినిమా విడుదలయ్యేటప్పటికి ఆమెకు 91 ఏళ్లు నిండాయి. అందరికంటే చిన్నదైన శాలీ ఫీల్డ్‌కు 76. ఈ వయసులు మీ అమ్మగారికి ముందే చెప్పండి. తొంభై దాటిన మనిషి తెర మీద నర్తించడం, పేకాట బల్ల దగ్గర కూర్చుని అవతలివారిని ఓడించడం చూస్తున్నామని తెలిస్తే, ఆ దృశ్యాలను చూసే కన్నే మారుతుంది. టామ్లిన్, ఫోండా ఇద్దరూ 1980లోనే ఒక సినిమాలో కలిసి నటించారు, ఆ తరువాత 2015 నుంచి 2022 వరకు ఒక టీవీ ధారావాహికలో జంటగా కనిపించారు. తెర మీద వారి మధ్య కనిపించే చనువు నాలుగు దశాబ్దాల పరిచయం నుంచి వచ్చింది.

కథకు నిజమైన ఆధారం ఉంది. మసాచుసెట్స్‌లోని నార్త్ ఆటిల్‌బరోలో ఎనభై దాటిన స్నేహితురాళ్లు కొందరు ఆదివారాల్లో ఒకరింట్లో చేరి న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు ఆటలు చూసేవారు, ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ (ఆటను నడిపే ఆటగాడు) టామ్ బ్రేడీ పేరుతో జెర్సీలు వేయించుకున్నారు. వారిలో ఒకరి మనుమడు ఈ సంగతిని సినిమావారి చెవిన వేయడంతో చిత్రానికి బీజం పడింది. సినిమాలో పేట్రియట్స్ ఆడే సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) చూడటానికి ఆ నలుగురూ చేసే హ్యూస్టన్ ప్రయాణం, అక్కడ జరిగే సాహసాలు మాత్రం కల్పితం. నార్త్ ఆటిల్‌బరో, పేట్రియట్స్ సొంత మైదానం ఉన్న ఫాక్స్‌బరో రెండూ మన ఇళ్లకు దగ్గరలోనే ఉన్నాయి కనుక, వీలైతే ఒక రోజు కారులో అటుగా తీసుకువెళ్లండి.

ఇక ఆ పావుగంటలో ఏం చెప్పాలి? చాలామంది పిల్లలు క్రికెట్‌తో పోల్చి మొదలుపెడతారు. అలా మొదలుపెడితే పెద్దవాళ్లు బౌలర్ ఎవరు, వికెట్ ఎక్కడ అని వెతుకుతూ తికమకపడతారు. నేను చెడుగుడుతో మొదలుపెడతాను. రెండు జట్లు ఎదురెదురుగా నిలబడటం, అవతలివారి నేలలోకి చొరబడటం, వారు పట్టి కింద పడేస్తే ఆ ప్రయత్నం ముగియడం ఏలూరు, భీమవరం, తణుకు ప్రాంతాల్లో పెరిగిన ఎవరికైనా చెప్పవలసిన పని లేదు. ఆ పునాది మీద ఈ నాలుగు విషయాలు నిలబెడితే చాలు.

మొదటిది, నేల గెలుచుకోవడమే ఆట. మైదానం 100 గజాలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు 10 గజాలు ముందుకు పోవడానికి 4 అవకాశాలు ఉంటాయి. ఆ పది గజాలు దాటితే మళ్లీ కొత్తగా 4 అవకాశాలు వస్తాయి, దాటలేకపోతే బంతి అవతలివారిది. వీటినే డౌన్లు అంటారు. ఇది ఒక్కటి పట్టుబడితే తెర మీద జరిగేదానిలో చాలావరకు అర్థమవుతుంది.

రెండవది, పాయింట్ల లెక్క. చివరి గీత దాటి బంతిని చేర్చితే టచ్‌డౌన్, దానికి 6. ఆ వెంటనే బంతిని తన్ని స్తంభాల మధ్యగా పంపితే మరో 1, అలా తన్నకుండా ఇంకొకసారి గీత దాటిస్తే 2. టచ్‌డౌన్ వరకు పోలేనప్పుడు దూరం నుంచే స్తంభాల మధ్యకు తన్నితే 3. ఈ 2 పాయింట్ల సంగతిని వదిలేయకండి, అసలు మ్యాచ్ దాని మీదే నడిచింది.

మూడవది, క్వార్టర్‌బ్యాక్ ఎవరు అన్నది. ప్రతి ప్రయత్నంలోనూ బంతిని మొదట అందుకుని, విసరాలా, పరుగెత్తేవాడి చేతికివ్వాలా అని రెండు మూడు క్షణాల్లో తేల్చుకునేవాడు అతడే. బ్రేడీని 2000లో ఆటగాళ్ల ఎంపికలో 199వ వాడిగా తీసుకున్నారు, అంటే అతనిపై ఎవరికీ పెద్ద ఆశలు లేవు. 2001 సెప్టెంబరులో అప్పటి క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్‌సో గాయపడటంతో అతని స్థానంలో దిగాడు, ఆ సీజన్ చివరికి జట్టుకు మొదటి సూపర్ బౌల్ గెలిచిపెట్టాడు. సినిమాలో లూ (లిలీ టామ్లిన్ పాత్ర) అనే స్నేహితురాలు క్యాన్సర్ చికిత్సలో ఉన్న రోజుల్లో మిగతా ముగ్గురూ ఆమెకు తోడుగా చేరడం, టీవీలో ఈ కుర్రవాడు కనిపించడం, అక్కడి నుంచి ఆదివారాల ఆనవాయితీ మొదలవడం ఇదే కాలంలో. ఎవరూ లెక్కలోకి తీసుకోని కుర్రవాణ్ణి, ఒంట్లో బాగా లేని ఒక ఆడమనిషి తన మనిషిగా చేసుకోవడం వెనుక ఉన్న కారణాన్ని మన పెద్దవాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు.

నాలుగవది, సినిమాలోని మ్యాచ్ నిజంగా జరిగిందని చెప్పడం. ఇది చెప్పకపోతే చివరి అరగంటను వాళ్లు సినిమా మాయగా తీసుకుంటారు. మన సినిమాల్లో కథానాయకుడు చివరి నిమిషంలో గెలవడం వారికి అలవాటే కనుక, ఇదీ అలాంటిదే అనుకుంటారు. అందుకే ఆ మ్యాచ్ వివరాలను కొంచెం పొడుగ్గానే ఇస్తున్నాను.

2017 ఫిబ్రవరి 5న హ్యూస్టన్‌లోని ఎన్‌ఆర్‌జీ స్టేడియంలో 51వ సూపర్ బౌల్ జరిగింది. ప్రత్యర్థి అట్లాంటా ఫాల్కన్స్. రెండవ క్వార్టర్‌లో (మ్యాచ్‌లోని నాలుగు భాగాల్లో రెండవ దానిలో) బ్రేడీ విసిరిన బంతిని అట్లాంటా ఆటగాడు రాబర్ట్ ఆల్ఫర్డ్ మధ్యలోనే అందుకుని 82 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు, అప్పుడు స్కోరు 21-0. విరామానికి 21-3. మూడవ క్వార్టర్‌లో అట్లాంటా మరొకటి చేర్చడంతో 28-3 అయింది. అప్పటివరకు సూపర్ బౌల్ చరిత్రలో ఎవరూ 10 పాయింట్లకు మించిన వెనుకబాటు నుంచి గెలవలేదు. అక్కడి నుంచి పేట్రియట్స్ 28-9, 28-12, 28-20 అంటూ మెట్టు మెట్టుగా ఎక్కారు. 9 దగ్గర ఆగడానికి కారణం టచ్‌డౌన్ తరువాత తన్నిన బంతి స్తంభానికి తగలడం. నాలుగవ క్వార్టర్‌లో డాంటా హైటవర్ అట్లాంటా క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ రయాన్ చేతిలోని బంతిని కొట్టి జారవిడిపించాడు, మ్యాచ్ మలుపు తిరిగింది అక్కడే. చివరి రెండు టచ్‌డౌన్ల తరువాత రెండుసార్లూ 2 పాయింట్ల ప్రయత్నం చేసి, రెండుసార్లూ సఫలమై, 28-28కి వచ్చారు. సూపర్ బౌల్ అదనపు సమయంలోకి వెళ్లడం అదే మొదటిసారి. జేమ్స్ వైట్ 2 గజాల పరుగుతో 34-28గా ముగించాడు. బ్రేడీ ఆ రోజు 466 గజాల మేర బంతిని విసిరి, మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు.

28-3 అన్న అంకె తెర మీద కనిపించగానే సినిమాను ఒక్క నిమిషం ఆపండి. అంతకుముందు చెప్పిన పాయింట్ల లెక్కతో, ఇంకా 25 ఎలా తేవాలో మీ అమ్మగారినే లెక్క వేయమనండి. మూడు టచ్‌డౌన్లు చేసి, మూడిటికీ ఒక్కో పాయింటు కలిపినా 21 మాత్రమే. అందుకే ఆ 2 పాయింట్ల ప్రయత్నాలు తప్పనిసరి అయ్యాయి. మా బృందంలో సామర్లకోట నుంచి వచ్చిన ఒక విశ్రాంత లెక్కల పంతులమ్మగారు ఈ లెక్కను వేళ్ల మీద వేసి, మిగతావారందరికీ నాకంటే స్పష్టంగా చెప్పారు. ఆ క్షణం నుంచి గదిలో ఎవరూ ఫోను వైపు చూడలేదు.

ఇంత చెప్పినా, మన పెద్దవాళ్లు ఈ సినిమాలో నిజంగా పట్టుకునేది ఆటకు సంబంధించని రెండు విషయాలను.

ఒకటి లూ దగ్గర ఉన్న ఉత్తరం. ఆమె వైద్యుల దగ్గర నుంచి వచ్చిన కవరును విప్పకుండా దాచుకుంటుంది. క్యాన్సర్ మళ్లీ వచ్చిందేమోనన్న భయంతో, అదేమిటో తెలిసేలోపే స్నేహితురాళ్లతో కలిసి ఈ ఒక్క మ్యాచ్ చూసి రావాలని ఆమె కోరిక. కూతురు ఫోను చేస్తూనే ఉంటుంది, ఈమె మాట దాటవేస్తూనే ఉంటుంది. ఈ భాగం నడిచేటప్పుడు మా గదిలో మాటలు ఆగిపోతాయి. పిల్లలు కంగారు పడతారని, టికెట్టు మార్చి పరుగెత్తుకొస్తారని, మనవడి పరీక్షలు పాడవుతాయని రిపోర్టులు బీరువాలో చీరల కింద దాచిన తల్లులు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. ఒకసారి సినిమా అయ్యాక, గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒకావిడ తాను బయలుదేరేముందు చేయించుకున్న స్కానింగు సంగతిని కొడుకుకు ఇంకా చెప్పలేదని నాతో అన్నారు. ఆ సాయంత్రమే చెప్పమని ఆవిడను బతిమాలాను, ఆవిడ చెప్పారు. కనుక మీరు కూడా ఆ దృశ్యం తరువాత మీ అమ్మగారి ముఖం ఒకసారి గమనించండి. అడగవలసినది ఏమైనా ఉంటే, అడగడానికి అంతకంటే అనువైన సమయం దొరకదు.

ఈ అంశానికి వాస్తవంలోనూ ఒక తోడు ఉంది. బ్రేడీ తల్లి ఆ సీజన్ అంతా క్యాన్సర్ చికిత్సలో ఉన్నారు. కొడుకు ఆట చూడటానికి ఆమె ఆ సీజన్‌లో స్టేడియానికి రాగలిగింది ఈ సూపర్ బౌల్‌కే. సినిమా చూసిన తరువాత ఈ సంగతి చెప్పండి, ముందు చెప్పవద్దు.

రెండవది బెట్టీ, అంటే శాలీ ఫీల్డ్ పాత్ర. ఆమె గణితంలో ఉద్దండురాలు, గొప్ప విద్యాసంస్థలో పాఠాలు చెప్పిన మనిషి. అయినా నాలుగు రోజులు ఊరు వెళ్తే, తన వస్తువు ఎక్కడుందని అడగడానికి భర్త ఫోను మీద ఫోను చేస్తాడు. చెడ్డవాడు కాదు, ఆమె లేకుండా రోజు గడపడం నేర్చుకోలేదు, అంతే. మా బృందంలో ఆడవాళ్లు అన్నింటికంటే ఎక్కువగా నవ్వేది ఇక్కడే, సినిమా అయ్యాక ఎక్కువగా మాట్లాడుకునేదీ దీని గురించే. పక్కన కూర్చున్న భర్తలు కూడా నవ్వుతారు, కొంచెం ఆలస్యంగా. మోరా, అంటే రీటా మొరేనో పాత్ర, భర్త పోయిన తరువాత వృద్ధుల నివాసంలో ఉంటుంది. ఆమెను స్నేహితురాళ్లు అక్కడి నుంచి ప్రయాణానికి తప్పించి తీసుకుపోయే సన్నివేశం కూడా బాగా పండుతుంది. ట్రిష్, అంటే జేన్ ఫోండా పాత్ర, మన ప్రేక్షకులకు కొంచెం దూరంగా ఉంటుంది, దాని సంగతి కింద చెబుతాను.

కొన్ని జాగ్రత్తలు కూడా అవసరం. ఈ చిత్రానికి పీజీ-13 (పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్తపడాలన్న) ధ్రువీకరణ ఉంది. ట్రిష్ ఒక ఆటగాణ్ణి నాయకుడిగా పెట్టి శృంగార కథలు రాస్తుంది, ఆ సంభాషణలు కొన్ని ఇబ్బందికరంగా ఉంటాయి. ఒక విందులో స్నేహితురాళ్లు తెలియక గంజాయి కలిపిన మిఠాయిలు తిని భ్రమలో పడే సన్నివేశం కూడా ఉంది. మా బృందంలో వీటికి ఎవరూ లేచి వెళ్లలేదు, కానీ మనుమలు పక్కనే ఉంటే మాత్రం పెద్దవాళ్లు ముడుచుకుపోతారు. మొదటిసారి పిల్లలు లేకుండా, మీరూ మీ అమ్మగారూ మాత్రమే చూడండి. మీ అమ్మగారుగానీ, ఆవిడ తోబుట్టువులుగానీ ప్రస్తుతం క్యాన్సర్ చికిత్సలో ఉంటే, కథలో ఆ ప్రస్తావన ఉందని ముందే చెప్పి, ఆవిడ ఇష్టాన్ని బట్టి నడుచుకోండి.

కథలో నమ్మలేని ఘట్టాలు ఉన్నాయి. అన్నింటికంటే పెద్దది, ఈ పెద్దావిడలు కోచ్‌లు కూర్చునే గదిలోకి చేరడం, లూ అక్కడి నుంచి హెడ్‌సెట్‌లో నేరుగా బ్రేడీతో మాట్లాడటం. నిజానికి క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోని రేడియో ప్రతి ప్రయత్నానికీ ముందు, దాన్ని మొదలుపెట్టడానికి ఇచ్చే గడువులో 15 సెకన్లు మిగిలి ఉండగానే దానంతట అదే ఆగిపోతుంది. సూచనలు ఇవ్వడానికి కోచ్‌కు దొరికేదే కొద్ది క్షణాలు. అయినా ఆ ఘట్టంలో లూ చెప్పే మాటలు పదహారేళ్లుగా అతని ఆట చూసిన మనిషి మాటలు, అందుచేత అవి మనసుకు తగులుతాయి. బ్రేడీ స్వయంగా ఈ చిత్ర నిర్మాతల్లో ఒకరు కనుక, అతని గురించి గానీ లీగ్ గురించి గానీ విమర్శను ఇందులో ఆశించవద్దు. అదే సీజన్ మొదట్లో, బంతుల్లో గాలి తగ్గించిన వివాదంలో అతను 4 మ్యాచ్‌ల నిషేధం అనుభవించాడు. ఆటగాళ్ల తలలకు తగిలే దెబ్బలు ఈ ఆటను వెంటాడే తీవ్రమైన సమస్య. మీ అమ్మగారు ‘ఇంతలా గుద్దుకుంటే తలకు ఏమీ కాదా’ అని అడిగితే, మా బృందంలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు, ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పండి.

విమర్శకులు దీన్ని గొప్ప చిత్రమని అనలేదు, నేనూ అనను. కొన్ని సన్నివేశాలు అతికించినట్టు ఉంటాయి. కానీ విడుదల సమయంలో పారమౌంట్ వారు కొన్ని థియేటర్ సంస్థలతో కలిసి అన్ని ప్రదర్శనలకూ మధ్యాహ్నపు తక్కువ ధరకే టికెట్లు ఇచ్చారు, పెద్ద వయసు ప్రేక్షకులను ఇంటి నుంచి కదిలించడానికి. సుమారు 2.8 కోట్ల డాలర్లతో తీసిన ఈ చిత్రం అమెరికాలో 4 కోట్ల డాలర్లకు దగ్గరగా వసూలు చేసింది. పెద్దవాళ్ల కోసం తీస్తే పెద్దవాళ్లు వస్తారని దీన్ని చూసి మన తెలుగు నిర్మాతలు కూడా గ్రహిస్తే నాకు ఎంతో సంతోషం. మన దగ్గర డెబ్బై దాటిన నటీమణికి దీవించే బామ్మ పాత్రో, మంచం పట్టిన బామ్మ పాత్రో తప్ప మరొకటి దొరకడం అరుదు.

భాష విషయంలో అంత బెంగ అవసరం లేదు. ఆంగ్ల ఉపశీర్షికలు పెట్టండి, మాటల వేగం తెలియకపోయినా చదివి అందుకుంటారు. ఆంగ్లం చదవలేనివారైతే, ప్రతి మాటనూ తెలుగు చేయబోకండి. సన్నివేశం మొదట్లో ఒక్క వాక్యంలో పరిస్థితి చెప్పి వదిలేయండి, మిగతాది నటీమణుల ముఖాలు చెబుతాయి.

సినిమా చూసిన రోజునే వద్దు, మరునాడో ఆ తరువాతి రోజో అసలు మ్యాచ్ మూడవ, నాలుగవ క్వార్టర్లు, అదనపు సమయం చూపించండి. ఫలితం తెలిసి చూస్తున్నా, పేట్రియట్స్ ఆటగాడు జూలియన్ ఎడెల్‌మన్ ముగ్గురు ప్రత్యర్థుల మధ్య, నేలకు వేళ్ల దూరంలో బంతిని అందుకున్న దృశ్యానికి మా పెద్దవాళ్లు ఊపిరి బిగబట్టారు. ఒక చిన్న వివరణ కూడా అవసరమవుతుంది. అదనపు సమయంలో మొదట బంతి దొరికినవారు టచ్‌డౌన్ చేస్తే అవతలివారికి అవకాశమే లేకుండా మ్యాచ్ ముగిసేది. ‘అట్లాంటా వాళ్లకు అన్యాయం కదా’ అని మన పెద్దవాళ్లు ఠక్కున అంటారు. లీగ్ కూడా 2022లో ఆ నియమాన్ని మార్చి, నాకౌట్ మ్యాచ్‌లలో రెండు జట్లకూ బంతి దక్కేలా చేసిందని చెప్పండి.

ఆ తరువాతి ఆదివారం ఆవిడను పూర్తి మ్యాచ్‌కు కూర్చోబెట్టకండి, అది మూడు గంటలకు పైగా సాగుతుంది. మొదటి క్వార్టర్ చాలు. బ్రేడీ 2020లో టాంపా బేకు వెళ్లిపోయి, ఈ సినిమా విడుదలకు రెండు రోజుల ముందే ఆట నుంచి పూర్తిగా తప్పుకున్నాడు కనుక, ఆవిడకు ఇప్పుడు మైదానంలో ఉన్న మరొకరు కావాలి. పేట్రియట్స్ 2024లో మూడవ ఎంపికగా తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ డ్రేక్ మేని చూపించండి. అతను కాకుండా, జుట్టు నచ్చిందనో, పరుగు నచ్చిందనో ఆవిడ వేరే జట్టులోని కుర్రవాణ్ణి ఎంచుకుంటే అడ్డు చెప్పకండి. సోఫాలో ఆవిడకంటూ ఒక చోటు కేటాయించి, డౌన్ ఎన్నవదో, ఇంకా ఎన్ని గజాలు కావాలో పైకి చెప్పే బాధ్యత ఆవిడకే అప్పగించండి, ఆ అంకెలు తెర మీద ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి.